ఐదు నిమిషాలట!

జపాన్ యానిమే 'డ్రాగన్ బాల్ జెడ్'లో, ఐదు నిమిషాల్లో నమెక్ గ్రహం పేలిపోతుందన్నాడు విలన్ ఫ్రీజా. సరే. ఆ ఐదు నిమిషాలు ఎన్ని ఎపిసోడ్లో తెలుసా? దాదాపు పది! హీరో గోకు పళ్లు కొరుకుతాడు, రాళ్లు గాల్లోకి లేస్తాయి, మళ్లీ గోకు పళ్లు కొరుకుతాడు. ఇది యుద్ధమా, జీళ్లపాకమా?

విసుగొచ్చి, 2009లో ఇదే సిరీస్‌ను కుదించి తెచ్చిన 'కాయ్' పెట్టాను. 'డ్రాగన్ బాల్ జెడ్'లో సెల్ అనే విలన్ కథ ముగియడానికి 194 ఎపిసోడ్లు పడితే ఇందులో 98 చాలు. హమ్మయ్య అనుకునేలోపే... గోకు, అతని సహచరుడు పికోలో డ్రైవింగ్ లైసెన్స్ కోసం తిప్పలు పడే ఎపిసోడ్ ఏదీ? కోసేశారు! సాగదీత తీసేయమంటే సరదా తీసేస్తారేంటయ్యా? కరివేపాకు ఏరమంటే తాలింపంతా తీసి పారేసినట్టుంది. ఇప్పుడా ఒక్కదాని కోసం మళ్లీ పాతది వెతుక్కోవాలి.