సవరణ: మడత చాకు స్క్రూల గురించి నేను రాసింది తప్పు

మొన్న మడత చాకు విప్పడం గురించి రాసినప్పుడు స్టార్ స్క్రూకి అలెన్ కీ (ఆరు పలకల తాళం) సరిపోద్దని, తిరిగి బిగించేటప్పుడు ఎర్ర లాక్‌టైట్ (స్క్రూ వదులవ్వకుండా పట్టి ఉంచే జిగురు) వెయ్యమని చెప్పాను. రెండూ తప్పే. అది చదివి మా పర్లాకిమిడి తమ్ముడొకడు అలెన్ కీ పెట్టి తిప్పితే పివట్ స్క్రూ (బ్లేడు తిరిగే ఇరుసు స్క్రూ) తల లోపల అరిగి గుండ్రంగా అయిపోయింది, చాలా బాధేసింది, వాడికి సారీ చెప్పాను.

అవి టార్క్స్ స్క్రూలు, అంటే తలలో ఆరు మొనల నక్షత్రం గుంట ఉండేవి, 1967లో వచ్చిన డిజైన్. చాకుల్లో మామూలుగా పివట్‌కి టీ8, జేబు క్లిప్పుకీ పిడికీ టీ6 సైజువి ఉంటాయి. సన్న అలెన్ కీ టీ8లోకి దూరుతుంది, నేను మోసపోయింది అక్కడే, దూరుతుంది గానీ కొసలు మాత్రమే ఆనుకుంటాయి, గట్టిగా తిప్పితే స్క్రూ గోడలు కోసుకుపోతాయి. మంచి టీ8 బిట్ కొనండి, నిలువుగా అదిమిపెట్టి తిప్పండి.

ఎర్ర లాక్‌టైట్ వేడి చేస్తే తప్ప వదలదు, దాదాపు 250 డిగ్రీలు కావాలి. దాని బదులు చేతి పనిముట్లతోనే విప్పగలిగే రకాలు, నీలం లాక్‌టైట్ 243 గానీ ఊదా 222 గానీ ఒక్క చిన్న బొట్టు చాలు. ఇప్పటికే ఎర్రది వేసేసినవాళ్లు సోల్డరింగ్ ఐరన్ మొనని స్క్రూ తల మీద కాసేపు ఆనించి, వేడిగా ఉండగానే తిప్పండి. కానీ మన ఊరి కొమ్ము పిడి వేసిన చాకైతే వద్దు, కొమ్ము వేడికి మెత్తబడి వంగిపోద్ది.

ఇంకోటి, ఒపినెల్, విక్టోరినాక్స్ మామూలు చాకులకి ఉండేవి రివెట్లు (కొట్టి బిగించేసిన మేకులు), వాటిని విప్పాలని చూడకండి, కడిగి ఆరబెట్టి చుక్క నూనె వెయ్యండి.