మతం ఏది చెప్పినా కోయలకు ఎస్టీ హోదా పోదు

జనగణన దగ్గర పడుతున్నకొద్దీ తాడ్వాయి నుంచి ఉట్నూరు దాకా ఒక మెసేజ్ గ్రూపుల్లో తిరుగుతోంది. సమ్మక్కను మొక్కేవాళ్లంతా హిందువులేనట. ఫారంలో ఉన్నవి ఆరు మతాలే కాబట్టి మతం దగ్గర కోయ, గోండు అని రాయించడం కుదరదట. రాయిస్తే ఎస్టీ సర్టిఫికెట్ రద్దవుతుందట. ఇది చదివి టెన్షన్ పడుతున్నవాళ్లు ఉన్నారు.

ముందు ఆ భయం సంగతి. మతంతో ముడిపడింది ఎస్సీ హోదా. 1950 ఉత్తర్వు ప్రకారం అది హిందువులకు, తర్వాత చేర్చిన సిక్కులకు (1956), బౌద్ధులకు (1990) మాత్రమే వర్తిస్తుంది. ఎస్టీల ఉత్తర్వులో మతం షరతే లేదు. మతం మారినంత మాత్రాన ఎస్టీ హోదా పోదని, తెగ ఆచారాలను, సంబంధాలను వదిలేశారా లేదా అన్నది చూడాలని సుప్రీంకోర్టు 2004లో చెప్పింది. పైగా 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం మనం చెప్పిన వివరాలను బయటివాళ్లు తీసి చూడలేరు, సివిల్ కేసులో సాక్ష్యంగా పెట్టలేరు. మరి దేన్ని చూసి సర్టిఫికెట్ రద్దు చేస్తారు?

ఆరు మతాలే అన్నది సగం నిజం. 2011లో ఆ ఆరింటికి కోడ్ నంబర్లు ఇచ్చారు. మిగతావాళ్ల మతం పేరు పూర్తిగా రాయాలని సూచనల్లోనే ఉంది. అలా సర్నా (జార్ఖండ్ వైపు ఆదివాసీల మతం) అని 49 లక్షల మందికి పైగా, గోండు మతమని సుమారు 10 లక్షల మంది రాయించుకున్నారు.

పసుపు, కుంకుమ, కొబ్బరికాయ కనిపిస్తే హిందూమతమే అనే మాట నాకు అన్నిటికన్నా బాధ కలిగిస్తుంది. మేడారం గద్దెల మీద విగ్రహాలు లేవు. చిలకలగుట్ట నుంచి కోయ పూజారులు కుంకుమ భరిణె రూపంలో సమ్మక్కను తెస్తుంటే పోలీసులు గాల్లోకి కాల్పులు జరిపి స్వాగతం పలుకుతారు. నిలువెత్తు బెల్లం ఇచ్చి మొక్కు తీర్చుకునేవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉంటారు. మన దగ్గర పర్వతగిరి మండలం అన్నారం దర్గాకు పోయి యాటను కోసి కందూరు (మొక్కు విందు) చేసే హిందువులు ఎంతమంది లేరు? ఊళ్లలో పీర్లను ఎత్తుకునే హిందువులు లేరా? వాళ్లను ముస్లింలని ఎవరూ అనరు, అనకూడదు కూడా. ఆ మర్యాద కోయలకు ఎందుకు దక్కదు?

చట్టం సంగతికి వస్తే, హిందూ వివాహ చట్టం కూడా కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప ఎస్టీలకు వర్తించదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. తాము హిందువులమనే కోయలు, గోండులు చాలామంది ఉన్నారు, చర్చికి పోయేవాళ్లూ ఉన్నారు. మీరు అసలైన ఆదివాసీలు కారని వాళ్లను దబాయిస్తే, ఈ మెసేజ్ చేస్తున్న తప్పే మనమూ చేసినట్టు.

మతం ప్రశ్న అడిగేది 2027 ఫిబ్రవరిలో జరిగే జనాభా లెక్కింపులో. ఈసారి ఆన్‌లైన్‌లో సొంతంగా నింపుకునే వీలుంది. ఎన్యూమరేటర్ ఇంటికి వస్తే మీరు చెప్పిందే నమోదు చేయాలి. మతం దగ్గర ఏం ఎక్కించారో చదివి వినిపించమని అడగండి, తేడా ఉంటే అక్కడే సరిచేయించండి.