నట్లు బిగించే గన్ను గారికి ఒక పాత కస్టమర్ విన్నపం

మహారాజశ్రీ గన్ను గారి సముఖమునకు,

ఉభయ కుశలోపరి అని రాయడం ఆనవాయితీ గానీ, మీరు కుశలమేనని నాకు తెలుసు. హైవే పక్కన టైర్ల షాపులో కొక్కేనికి వేలాడుతూ, కంప్రెసర్ గాలి భోంచేస్తూ హాయిగా ఉన్నారు. కుశలం లేనిది నా కారు ముందు ఎడమ చక్రానికి. దానికి నాలుగు స్టడ్లు, అంటే నట్లు ఎక్కే మరల కడ్డీలు, ఉండేవి. ఉండేవి అంటున్నాను, గమనించండి.

వేసవిలో కొత్త టైర్లు వేయించడానికి మీ దగ్గరికే వచ్చాను. నట్టుని ముందు వేలితో రెండు మూడు చుట్లు ఎక్కించి చూడాలనే చాదస్తం మీ కుర్రాడికి లేదు. ట్రేలో చెయ్యి పెట్టి దొరికిన నట్టు తీశాడు, మీ నోట్లో పెట్టాడు, మీరు ట్ర్ర్ర్‌మన్నారు. నట్టు ఆగిపోయాక కూడా మరో రెండు ట్ర్ర్‌లు కొసరు వేశారు. పక్కన పది చక్రాల లారీ నిలబడి ఉంది. దాని నట్లకీ మీరే, 850 కిలోల నా బుల్లి కారు నట్లకీ మీరే. ఇంత సమదృష్టి మఠాల్లో కూడా చూడలేదు.

ఆ ఫలం నాకు మొన్న ఆదివారం రాత్రి అందింది. భీమిలి నుంచి వస్తుంటే సాగర్ నగర్ దాటాక పంక్చరు. కార్లో మా ఆవిడ, మా అత్తగారు, అరడజను మొక్కజొన్న పొత్తులు. మూడు నట్లు మూలుగుతూ వదిలాయి. నాలుగోది కదల్లేదు. నా బరువు 78 కిలోలు. పావు మీటరు పొడవున్న స్పానరు కొస మీద ఎక్కి నిలబడ్డాను. అంటే దాదాపు 190 న్యూటన్ మీటర్ల తిప్పుడు బలం. ఇలాంటి చిన్న కారు నట్టుకి బిగింపు 100కి అటూ ఇటూగా ఉంటే చాలు. అయినా అది ఉలకదు, పలకదు. చివరికి ఎగిరి దూకాను. టక్కుమంది.

అద్దం దించి మా అత్తగారు అడిగిన ప్రశ్న ఇదీ: “కాలా బాబూ, కారా?”

కారేనండీ. స్టడ్డు నట్టుతో సహా విరిగి చేతిలోకొచ్చింది. మిగిలిన మూడింటితో స్టెప్నీ బిగించి, ఎడ్లబండి వేగంతో ఇల్లు చేరాం. ఆ రాత్రి చుట్టుపక్కల వాళ్లందరూ ఇచ్చిన ధైర్యం ఒకటే: “ఇంకా మూడున్నాయి కదా!” పళ్లెంలో ఇడ్లీల గురించయితే ఆ మాటకి నేనూ ఒప్పుకునేవాణ్ణి.

మర్నాడు మెల్లగా గాజువాక ఆటోనగర్ చేరాను. అక్కడి ముసలి మేస్త్రి విరిగిన ముక్కని వెలుతురుకి ఎత్తి చూసి, “ఏటి బాబూ ఇది, అసలు మీ కారు నట్టే కాదు!” అన్నాడు. నా స్టడ్డు 12 మిల్లీమీటర్ల లావు, మరకి మరకి దూరం 1.25. ఎక్కించిన నట్టు మర 1.5. రెండూ 12వే, కాబట్టి కంటికి తేడా తెలీదు. చేత్తో తిప్పితే ఒకటి రెండు చుట్లకే మొరాయించి, “నేను వీళ్లింటి దాన్ని కాను” అని చెప్పేది. మీరు అడగలేదు, అది చెప్పలేదు. మరల్ని నలిపేసి బలవంతంగా తాళి కట్టించేశారు. నా అసలు నట్టు ఇప్పుడు ఏ కారు స్టడ్డుతో కాపురం చేస్తోందో.

విరిగినదాని పక్క స్టడ్డుని కూడా మేస్త్రి వేలితో తడిమాడు. “దీని పీక సూడండి, సన్నబడిపోనాది. బిగించడం కాదు బాబూ ఇది, పీక నొక్కీసినారు.” స్టడ్డు స్ప్రింగు లాంటిది. బిగించినప్పుడు వెంట్రుకవాసి సాగి, వెనక్కి లాగుతూ చక్రాన్ని హబ్‌కి, అంటే చక్రం వెనక స్టడ్లు దిగి ఉండే ఇనప దిమ్మకి, అదిమి పెడుతుంది. కారు బరువుని మోసేది ఆ అదుముడులో పుట్టే రాపిడే. హద్దు దాటి సాగితే మళ్లీ పాత పొడవుకి రాదు, లాగడం మానేస్తుంది. అప్పుడు నట్టు ఎంత బిగువుగా కనిపించినా లోపల సత్తువ ఉండదు. “విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు” అని 1966లో ఊరు ఊరంతా గొంతెత్తిన చోటు ఇది. ఉక్కు ఫ్యాక్టరీ కూతవేటు దూరంలో ఉండగా, వేలెడంత ఉక్కుకి ఓర్పెంతో మీకు గానీ నాకు గానీ తెలీదు.

తరువాత పనంతా మీ జాతి సాయం లేకుండానే జరిగింది. బ్రేకు డిస్కుని పట్టకారులా పట్టుకునే క్యాలిపర్ విప్పి, బ్రేకు గొట్టం మీద బరువు పడకుండా తీగతో కట్టి వేలాడదీశాడు. డిస్కు తీశాడు. విరిగిన మొండెం నెత్తిన సుత్తితో రెండు దెబ్బలు వేస్తే వెనక్కి జారిపోయింది. కొత్తదాన్ని మాత్రం సుత్తితో కొట్టి ఎక్కించలేదు. వెనకవైపు నుంచి పెట్టి, దాని మెడ మీది గాళ్లు హబ్ గాళ్లలో సరిగ్గా కూర్చునేలా చూసి, ముందువైపు నాలుగు వాషర్లు దొంతిగా వేసి గ్రీజు రాశాడు. వాటి మీద పాత నట్టొకటి తిరగేసి పెట్టి, చెయ్యి ఊపుకొద్దీ కాకుండా మెల్లమెల్లగా తిప్పాడు. స్టడ్డు తల వెనక హబ్‌కి ఆనేదాకా లోపలికి వచ్చింది. పీక సన్నబడ్డ దానికీ అదే సంస్కారం. రెండు స్టడ్ల ఖరీదు కన్నా, ఆ పని చూస్తూ నేను తాగిన టీలు, తిన్న బజ్జీలకే ఎక్కువైంది.

“మన ఊరి ఉప్పుగాలికి తుప్పు పడుతుంది కదా, మరలకి కాస్త నూనె రాయకూడదా?” అన్నాను తెలివిగా. వద్దన్నాడు. నూనె రాస్తే నట్టు జారుడుగా తిరిగి, అదే బలానికి స్టడ్డు మరింత సాగుతుందట. తీగబ్రష్షుతో రుద్ది ఊరుకున్నాడు.

ఇక మా పై వాటాలో డాక్‌యార్డ్‌లో రిటైరయిన పెద్దాయన సంగతి. ఆయన దగ్గర టార్క్ రెంచ్ ఉంది, అంటే ఎంత బిగించాలో స్కేలు మీద ముందే పెట్టుకుంటే ఆ హద్దు రాగానే టిక్కుమనే స్పానరు. పాత పంచెలో చుట్టి బీరువాలో, పట్టుచీరల పక్కన దాచారు. అడిగితే ఇచ్చారు గానీ వెంట దిగొచ్చి నా నెత్తి మీద నిలబడ్డారు. నట్లు వరసగా కాదు, ఎదురెదురుగా బిగించాలన్నారు. టిక్కుమనగానే ఆపాలన్నారు. నేను అలవాటు కొద్దీ ఇంకో అర చుట్టు వేయబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చారు. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడమని, స్కేలు కిందికి తిప్పి, పంచెలో చుట్టుకుని పైకెళ్లిపోయారు. నట్లు విప్పడానికి మాత్రం దాన్ని ముట్టుకోనివ్వలేదు.

ఇట్లు,
నాలుగు నట్లూ వేళ్లతో ఎక్కించి చూసుకునే
మీ పాత కస్టమర్

తా.క. నిన్న మళ్లీ పంక్చరు, ఈసారి వెనక కుడివైపు. దారిలో మీరే ఉన్నారు, తప్పలేదు. “తమ్ముడూ, గన్ను వద్దు, చేత్తోనే బిగించు” అని ముందే చెప్పాను. బుద్ధిమంతుడు, “అలాగే సార్” అని మిమ్మల్ని కొక్కేనికి తగిలించాడు. పొడుగాటి గొట్టం తొడిగిన స్పానరు తెచ్చి నట్టుకి పెట్టాడు. చెప్పులు విడిచి, దాని మీదికి రెండు కాళ్లతో ఎక్కాడు.