పాత షూతో ఉరికితే మోకాళ్లు పోతాయా?

కొంతకాలంగా నల్గొండ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. పోలీస్ ఉద్యోగాలకు ప్రిపేర్ అయ్యే పిల్లల గ్రూపుల్లోనూ అదే, పొద్దున వాకింగ్‌కు వెళ్లే పెద్దవాళ్ల గ్రూపుల్లోనూ అదే. సారాంశం ఇది: "రన్నింగ్ షూ 500 కిలోమీటర్లు దాటితే పారేయాల్సిందే. అరిగిన షూతో పరుగెత్తితే మోకాలి చిప్పలు అరిగిపోతాయి. ఐదు వేలలోపు షూ కాళ్లకు చేటు. కుట్టించిన షూ అస్సలు వేసుకోవద్దు. కొనే స్తోమత లేకపోతే ఉత్త కాళ్లతో పరుగెత్తండి, అబెబె బికిలా ఒలింపిక్స్‌లో అలాగే గెలిచాడు."

పంపేవాళ్లు మంచి మనసుతోనే పంపుతుండవచ్చు. కానీ ఇది చదివి భయపడి పరుగు మానేసిన పిల్లల్ని ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో చూస్తున్నాను. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

ముందు ఆ 500 అంకె సంగతి. అది పూర్తిగా కల్పించింది కాదు. షూ కంపెనీలు, కోచ్‌లు మామూలుగా 500 నుంచి 800 కిలోమీటర్ల మధ్య షూ మార్చమని చెబుతారు. అదొక అందాజా లెక్క. మెసేజ్ రాసినవాళ్లు అందులో కింది అంకె పట్టుకుని, అది దాటితే ప్రమాదమే అన్నట్టు రాశారు. చాలా షూల మధ్య పొరలో ఉండేది ఈవీఏ అనే నురగ. దాంట్లో గాలి నిండిన చిన్న చిన్న గదులుంటాయి. అడుగు పడ్డప్పుడల్లా అవి నలిగి మళ్లీ లేస్తాయి, కాలం గడిచేకొద్దీ లేవడం తగ్గుతుంది. 1985లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశోధనలో, మనుషులు తొడుక్కుని 500 మైళ్లు, అంటే సుమారు 800 కిలోమీటర్లు పరుగెత్తిన షూల్లో కూడా, దెబ్బను తట్టుకునే గుణం దాదాపు 70 శాతం మిగిలే ఉంది. తగ్గేదేదో మొదట్లోనే ఎక్కువ తగ్గుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. పైగా 55 కిలోల పిల్లవాడు మట్టి గ్రౌండ్‌లో ఉరికితే అరిగే తీరు వేరు, 85 కిలోల మనిషి సీసీ రోడ్డు మీద ఉరికితే అరిగే తీరు వేరు. ఇద్దరికీ ఒకటే అంకె ఎట్లా సరిపోతుంది?

ఖర్చు లెక్క కూడా చూడాలి. రోజుకు ఐదు కిలోమీటర్లు, వారానికి ఆరు రోజులు ఉరికేవాడికి 500 కిలోమీటర్లు నాలుగు నెలల్లో అయిపోతాయి. అంటే ఏడాదికి మూడు జతలు, ఐదు వేల చొప్పున 15 వేలు. రూమ్ కిరాయి, మెస్ బిల్లు, కోచింగ్ ఫీజు అన్నీ ఇంటి నుంచే తెచ్చుకునే పిల్లవాడికి ఈ సలహా ఇచ్చేముందు కొంచెం ఆలోచించాలి.

ఇక మోకాళ్లు. అందరినీ భయపెట్టింది ఈ మాటే. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో 24 మంది రన్నర్లను ముందు కొత్త షూతో, తర్వాత అదే షూతో 200 మైళ్లు ఉరికాక పరీక్షించారు. షూ మెత్తదనం తగ్గినా కాళ్ల మీద పడే బలం పెరగలేదు. శరీరమే అడుగు వేసే తీరును కాస్త మార్చుకుని సర్దుకుంది. అసలు పరుగే మోకాళ్లను అరగదీస్తుందన్న నమ్మకం మీద 2017లో చాలా అధ్యయనాలను కలిపి చూశారు. సరదాకు, ఆరోగ్యానికి పరుగెత్తేవాళ్లలో మోకాలి, తుంటి కీళ్ల అరుగుదల 3.5 శాతం మందిలో కనిపిస్తే, పరుగెత్తకుండా కూర్చునేవాళ్లలో 10.2 శాతం మందిలో కనిపించింది. పెద్ద పోటీల స్థాయిలో పరుగెత్తేవాళ్లలో మాత్రం అది 13.3 శాతం. అంటే శ్రమ మరీ మితిమీరితే ఇబ్బంది ఉండవచ్చు, కానీ మన గ్రౌండ్‌లో ఉరికే పిల్లలెవరూ ఆ కోవలోకి రారు.

మునుగోడు వైపు నుంచి వచ్చి ఇక్కడ రూమ్‌లో ఉంటున్న ఒక తమ్ముడు తన షూ విప్పి చూపించాడు. "అన్నా, వీటితోని ఉరికితే మోకాళ్లు ఖరాబైతయంట గదా, అందుకే బంద్ పెట్టిన" అన్నాడు. కుడి షూ ముందు భాగం నీలం నైలాన్ దారంతో కుట్టి ఉంది, నీటుగా, దగ్గర దగ్గర కుట్లు. మడమ బయటి అంచున నల్ల రబ్బరు పూర్తిగా పోయి లోపలి తెల్ల నురగ బయటపడింది. నొప్పి ఎక్కడని అడిగితే మోకాలు చూపించలేదు, పిక్క ముందున్న ఎముక మీద వేలు పెట్టాడు. నోటిఫికేషన్ వస్తుందన్న మాట వినగానే, అంతకుముందు పరుగు అలవాటే లేనివాడు, సీసీ రోడ్డు మీద రోజూ 1600 మీటర్లు ఫుల్ స్పీడ్‌లో కొట్టాడు. ఆ నొప్పి షూ వయసు వల్ల వచ్చింది కాదు, ఒక్కసారిగా పెంచిన పరుగు వల్ల వచ్చింది. కొన్ని రోజులు నడక, తర్వాత మట్టి మీద నెమ్మది పరుగు, ఆ పైన మెల్లగా పెంచుకోవడం. ఎవరికైనా ఇదే దారి.

అయినా ఆ షూ మార్చమనే చెప్పాను. కారణం కిలోమీటర్లు కాదు, మడమ ఒక పక్క అరిగి షూ ఒరిగిపోవడం. ఇది ఎవరైనా ఇంట్లోనే చూసుకోవచ్చు. షూను బండ మీద పెట్టి, వెనక నుంచి కంటి ఎత్తులో చూడండి. నిటారుగా నిలబడాలి. ఒక వైపు ఒరిగినా, అడుగు రబ్బరు పోయి నురగ కనిపిస్తున్నా, వేలితో నొక్కితే నురగ రాయిలా ఉన్నా, పరుగు మార్చకుండానే కొత్తగా నొప్పి మొదలైనా దాని పని అయిపోయినట్టే. అది 400 దగ్గర జరగవచ్చు, 900 దగ్గర జరగవచ్చు.

ఐదు వేల మాటకు వద్దాం. 1984లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో 16 కిలోమీటర్ల పరుగులో పాల్గొన్న నాలుగు వేలకు పైగా పురుషుల గాయాల వివరాలు సేకరించారు. ఖరీదైన షూ వేసుకున్నవాళ్లకు గాయాలు తక్కువేమీ లేవు. ముందే దెబ్బ తగిలినవాళ్లు ఖరీదైనవి కొనుక్కుని ఉండవచ్చు కాబట్టి చవకవే మంచివని కూడా అనలేం. ధర గ్యారంటీ కాదు, అంతవరకే. లక్సెంబర్గ్‌లో 264 మందిని 22 వారాలు గమనిస్తే, ఒకటికి మించిన జతలు మార్చి మార్చి వాడినవాళ్లలో గాయాల ముప్పు 39 శాతం తక్కువ కనిపించింది. నా మట్టుకు నేను, కొత్త జత కొన్నా పాతది పారేయొద్దనే చెబుతాను. కొనేటప్పుడు సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. కాలివేళ్ల ముందు చేతి బొటనవేలి వెడల్పంత జాగా ఉండాలి, మడమ కదలకూడదు.

కుట్టించిన షూ గురించి ఆ మెసేజ్ రాసినవాళ్లకు ఏమీ తెలియదనే అంటాను. చిరిగిన పైభాగాన్ని కుట్టించవచ్చు, ఊడిన సోలును సొల్యూషన్ పెట్టి అతికించవచ్చు. బస్టాండ్ దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన చేసే ఈ పని వల్ల పాదానికి ఏ హానీ లేదు, లోపలి వైపు ముడి గుచ్చుకోకుండా చూసుకుంటే చాలు. చచ్చిపోయిన నురగను మాత్రం ఎవరూ బతికించలేరు. అసలు మన షూలు పరుగు కన్నా మిగతా బతుకు వల్లే ఎక్కువ పాడవుతాయి. అదే షూతో కాలేజీకి, అదే షూతో ఫంక్షన్ హాల్లో క్యాటరింగ్ పనికి. బండి గేరు తగిలి ఎడమ షూ ముందు భాగం నల్లబడి చిరుగుతుంది. లేసు విప్పకుండా కాలితో కాలు తొక్కి విడిస్తే మడమ భాగం చతికిలబడుతుంది. సర్ఫులో నానబెట్టి మే నెల ఎండలో డాబా మీద పెడితే అతుకు వదులుతుంది. పాత పేపర్ కుక్కి నీడలో ఆరబెట్టండి. పరుగు షూను పరుగుకే ఉంచి, దాని పని అయ్యాక కాలేజీకి, బజారుకు వాడుకోండి.

చివరిది బికిలా కథ. 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌లో ఈ ఇథియోపియా రన్నర్ ఉత్త కాళ్లతో గెలిచిన మాట నిజమే, 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో. కానీ ఆయనకు అలా పరుగెత్తి సాధన ఉంది. 1964 టోక్యోలో షూ వేసుకుని 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో మళ్లీ గెలిచాడు, ఈ సంగతి మెసేజ్‌లో లేదు. మన గ్రౌండ్లలో పల్లేరుకాయలు, తుమ్మముళ్లు, పగిలిన సీసా పెంకులు ఉంటాయి. పానగల్ చెరువు కట్ట మీద నడిచేవాళ్లలో షుగర్ ఉన్న పెద్దవాళ్లూ ఉంటారు, వాళ్లకు పాదంలో స్పర్శ తగ్గితే ముల్లు దిగినా తెలియదు. వాళ్లు ఈ సలహా జోలికే పోవద్దు.

రోమ్‌లో ఆయన షూ వదిలేయడానికి కారణం కూడా ఉంది. అక్కడ కొన్న కొత్త షూ సరిగ్గా పట్టక బొబ్బలు తెప్పించింది. ఈవెంట్స్‌కు, అంటే పోలీస్ ఉద్యోగాల పరుగు పరీక్షలకు వెళ్లే తమ్ముళ్లు పట్టించుకోవాల్సింది ఇదే. 2022 తెలంగాణ పోలీస్ నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లకు ఇచ్చింది 7 నిమిషాల 15 సెకన్లు. ముందు రోజు క్లాక్ టవర్ దగ్గర కొన్న షూతో ట్రాక్ ఎక్కొద్దు. కొనేదుంటే రెండు మూడు వారాల ముందే కొని, ప్రాక్టీస్‌లో కాలికి అలవాటు చేసుకోండి. కొనలేకపోతే, బండ మీద నిటారుగా నిలబడే మీ పాత షూతోనే వెళ్లండి.