నొప్పి తగ్గింది సరే, బొటనవేలు లేస్తోందా?

విజయవాడ, గుంటూరు వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక సందేశం తెగ తిరుగుతోంది. నడుము నొప్పి కాలిలోకి దిగితే వెంటనే స్కానింగ్ తీయించుకోవాలట. డిస్క్, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్త, జారిందని తేలితే నెల రోజులు మంచం దిగకూడదట. నడుము తొక్కించుకుంటే అది లోపలికి పోతుందట. నొప్పి తగ్గితే నరం బాగుపడినట్టేనట. ఆపరేషన్ చేయించుకుంటే మాత్రం కాళ్లు పడిపోతాయట.

ముందు స్కానింగ్ సంగతి. ఏ నొప్పీ లేనివారికి ఎంఆర్ఐ తీసినా డిస్కులు ఉబ్బినట్టు కనిపించడం మామూలే. అమెరికాలో నడుము నొప్పి లేని 98 మందిని ఇలా పరీక్షించి 1994లో ఫలితాలు ప్రకటించారు. సగం మందికి పైగా ఉబ్బు ఉంది. కాబట్టి విజయవాడలో ఆసుపత్రులుండే సూర్యారావుపేటలో ఫిల్ముల కవరు పట్టుకుని తిరిగే ముందు, కాలు ముట్టుకుని చూసే డాక్టరు కావాలి. మడమల మీద నడిపించి, మునివేళ్ల మీద లేపి, చీలమండ వెనుక సుత్తితో తట్టి చూడడం ఐదు నిమిషాల పని. అందులో తేడా కనిపిస్తే అప్పుడు స్కానింగ్‌కు అర్థం ఉంటుంది.

మంచం పట్టడం పాతకాలపు సలహా. సయాటికా (నడుము నుంచి కాలిలోకి దిగే నరం నొప్పి) రోగుల్లో రెండు వారాలు పడుకున్నవారికీ, ఓపిక ఉన్నంతలో తిరిగినవారికీ తేడా లేదని 1999లో నెదర్లాండ్స్ వైద్యులు తేల్చారు.

ఇక తొక్కించడం. డిస్క్ ఉండేది నరాలకు ముందు వైపు. వీపు మీద ఎక్కి తొక్కితే దాన్ని తిరిగి లోపలికి నెట్టే దారే లేదు. ఎముకలు గుల్లబారిన పెద్దవారికైతే పూస విరగవచ్చు కూడా. మరి తొక్కించుకున్నాక తగ్గిందంటారే? జారిన ముక్కను చాలామందిలో శరీరమే క్రమంగా కరిగించుకుంటుంది. ఎక్కువ మందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో నొప్పి దానంతటదే సర్దుకుంటుంది. పుణ్యం తొక్కినవాడి ఖాతాలో పడుతుంది.

నాకు ఒళ్లు మండేది, నొప్పి తగ్గితే నరం బాగుపడినట్టేనన్న నాలుగో మాట దగ్గర. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే ఒకాయన, కాలి నొప్పి పోయిందని సంబరంగా మా ఫిజియోథెరపీ గదికి వచ్చాడు. ఎడమ చెప్పు ముందు అంచు నేలకు రాసుకుని అరిగిపోయి ఉంది. మడమల మీద నడవమంటే ఎడమ పాదం చతికిలబడింది. బొటనవేలు పైకెత్తమంటే ఎత్తాననుకున్నాడు, అది కదలనే లేదు. నడుము ఐదో నరం నలిగితే జరిగేది ఇదే. నరం బాగా దెబ్బతిన్నప్పుడు కూడా నొప్పి తగ్గిపోతుంది. అందుకే చూడవలసింది నొప్పి ఒక్కటే కాదు, బలం, స్పర్శ కూడా. బలం రోజురోజుకూ తగ్గుతుంటే వారాల తరబడి ఆగకూడదు.

వీటన్నిటికంటే పెద్ద ప్రమాదం గురించి ఆ సందేశంలో ఒక్క ముక్క లేదు. మూత్రం రాకపోయినా, వస్తున్నట్టు తెలియకపోయినా, కూర్చునే చోట మొద్దుబారినా, రెండు కాళ్లూ ఒకేసారి బలహీనపడినా తెల్లవారేదాకా ఆగకుండా ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్లాలి. అలాంటప్పుడు ఆపరేషన్ గంటల లెక్కన చేయవలసిందే. 48 గంటలు దాటితే మూత్రం మీద పట్టు తిరిగి వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది.

ఆపరేషన్‌తో కాళ్లు పడిపోతాయన్న భయానికి జవాబు శరీర నిర్మాణంలోనే ఉంది. పెద్దవారిలో వెన్నుపాము మొదటి, రెండో నడుము పూసల దగ్గరే ముగుస్తుంది. డిస్కులు ఎక్కువగా జారేది అడుగున ఉన్న రెండు చోట్ల. అక్కడ ఉండేది వెన్నుపాము కాదు, విడివిడి నరాలు. ఇన్ఫెక్షన్, నరాల పొర చిరగడం, డిస్క్ మళ్లీ జారడం వంటి ఇబ్బందులు లేకపోలేదు. కాళ్లు పూర్తిగా పడిపోవడం మాత్రం చాలా అరుదు. బలం బాగానే ఉండి నొప్పి మాత్రమే ఉంటే తొందర అక్కర్లేదు. 2007లో వెలువడిన ఒక డచ్ అధ్యయనంలో త్వరగా ఆపరేషన్ చేయించుకున్నవారికి నొప్పి ముందుగా తగ్గింది, ఏడాది తిరిగేసరికి ఆగి చూసినవారూ వారితో సమానమయ్యారు.

అన్నట్టు, రెండు అరికాళ్లూ సమానంగా మంటలు పుడుతుంటే నేరం నడుము మీద వేసే ముందు షుగర్ పరీక్ష చేయించుకోండి.