బాణం గుర్తు గారికి విమాన ప్రయాణికుల బహిరంగ లేఖ

మహారాజశ్రీ బాణం గుర్తు గారి సముఖమునకు,

అంతర్జాతీయ విమానాశ్రయ ప్రయాణికులు నమస్కరించి వ్రాయు లేఖార్థములు. ఉభయకుశలోపరి. మీరు క్షేమమేనని మాకు తెలుసు, తలెత్తితే చాలు ఎక్కడో ఒకచోట వేలాడుతూ కనిపిస్తున్నారు. మా క్షేమం మాత్రం మీరు చూపించే దిక్కు మీద ఆధారపడి ఉంది కనుక నాలుగు మాటలు విన్నవించుకుంటున్నాం.

మీరు అబద్ధం ఆడరు. ఆ మాట ముందే ఒప్పుకుంటున్నాం. బి గేట్లు ఎడమకని చూపిస్తే అవి ఎడమకే ఉంటాయి. చిక్కంతా మీరు చెప్పకుండా మింగేసే సంగతులతోనే. ఎంత దూరమో చెప్పరు, ఎంతసేపు పడుతుందో చెప్పరు. ఇక ఏ తలుపు దాటితే వెనక్కి రానివ్వరో ఆ తలుపు దగ్గరైనా ఒక్క మాట అనరు.

మొదట మీ ఊర్ధ్వముఖం గురించి. మీరు పైకి చూస్తే మేం తిన్నగా నడవాలా, మేడ ఎక్కాలా? ఎక్కువ చోట్ల పై బాణానికి ‘తిన్నగా పదండి’ అనే అర్థం. మేడెక్కమని చెప్పేటప్పుడు మీరు ఏటవాలుగా ఒరుగుతారు, లేదా పక్కన ఎస్కలేటర్ బొమ్మ పెట్టుకుంటారు. ఈ రహస్యం మాకు ఎవరూ చెప్పలేదు. పైగా మిమ్మల్ని తెచ్చి సరిగ్గా ఎస్కలేటర్ నెత్తిన వేలాడదీస్తారు. కొన్ని చోట్ల తలకిందులై నేలను చూపిస్తారు, అక్కడా అర్థం ‘తిన్నగా’నే! కాబట్టి తోటి ప్రయాణికులకు మేం చెప్పేదొకటే: పై బాణం కనిపిస్తే ముందు తిన్నగా నడవండి. దారి చీలే తర్వాతి చోట మీ గేటు అక్షరం మళ్లీ కనిపించకపోతే ఇంకా ముందుకు పోకండి, చివరిసారి అది కనిపించిన బోర్డు దాకా వెనక్కి రండి.

మీ వంశం చిన్నదేం కాదు. 1967లో ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్ విమానాశ్రయానికి బెన్నో విసింగ్ బోర్డులు రూపొందించినప్పుడు విమానం దాకా నడిపించే వాటికి పసుపు రంగు కేటాయించి, మిగతా సౌకర్యాల బోర్డులకు వేరే రంగు ఇచ్చాడు. పారిస్ చార్లెస్ డి గాల్ 1974లో తెరుచుకుంది. దాని బోర్డుల కోసం అడ్రియన్ ఫ్రూటిగర్ దూరం నుంచి, పక్కవాటుగా చూసినా చదవగలిగే అక్షరాలు గీశాడు. అదే ఏడాది అమెరికా రవాణా శాఖ 34 బొమ్మల గుర్తులు తెప్పించుకుంది, 1979లో ఇంకో 16 కలిపింది. అంత మంచి పెద్దల చేతుల్లో పెరిగి కూడా మీరు పెట్టె బొమ్మతో సావాసం చేసి పాడయ్యారు. ఉత్త పెట్టె ఉంటే లగేజి వచ్చే చోటు. పెట్టె మీద తాళంచెవి ఉంటే లాకర్లు. పెట్టె ముందు టోపీ పెట్టుకున్న మనిషి ఉంటే కస్టమ్స్. నిద్ర చాలని కళ్లకు మూడూ ఒకే పెట్టె.

అయినా రంగు విషయంలో మీకు రుణపడి ఉన్నాం. లోపలికి అడుగుపెట్టిన మొదటి అయిదు నిమిషాల్లో గేట్ల బోర్డులు ఏ రంగులో ఉన్నాయో చూసుకుని, ఇక ఆ రంగునే పట్టుకుని నడిస్తే సగం గందరగోళం తీరుతుంది. లండన్ హీత్రూలో విమానం మారేవాళ్లకు ఊదారంగు బోర్డులు. మిగతా రంగులన్నీ ఇంకెవరి కోసమో.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. సెక్యూరిటీ దాటి, బెల్టు నడుముకు చుట్టుకుంటూ తలెత్తేసరికి మీరు మాయం! అప్పటిదాకా పది అడుగులకోసారి కనిపించిన పెద్దమనిషి, డ్యూటీ ఫ్రీ కొట్టు (సుంకం లేని సరుకులమ్మేది) లోని అత్తరు సీసాల మధ్యకు రాగానే అజ్ఞాతవాసం పడతారు. దారి తిన్నగా పోదు, చాక్లెట్ల దగ్గర ఒక వంపు, మద్యం దగ్గర ఇంకో వంపు. దారి అలా పడటం అనుకోకుండా జరిగిందని మేం నమ్మం. అక్కడ పైకి చూడటం మానేసి నేల చూడాలి. ఇలాంటి డ్యూటీ ఫ్రీ కొట్లలో నడిచే దారికి చాలావరకు వేరే రంగు పలకలు పరుస్తారు. వాటి మీదే నడిస్తే చివరికి గేట్ల దగ్గర తేలతాం.

దూరం సంగతి. ‘సి గేట్లు’ అని మీరు చిటికెన వేలంత బాణం వేస్తారు. ఆ బాణం వెనక ఒక రైలు ఉంటుందని ఎవరనుకుంటారు? హీత్రూ టెర్మినల్ 5లో బి, సి గేట్లు వేరే భవనాల్లో ఉన్నాయి, మధ్యలో భూగర్భ రైలు. దుబాయ్ టెర్మినల్ 3లో ఎ కాన్‌కోర్స్‌కు, అంటే ఎ గేట్లుండే భవనానికి, రైలెక్కాలి. సింగపూర్ చాంగీలో 1, 2, 3 టెర్మినళ్ల మధ్య స్కైట్రైన్ తిరుగుతుంది కానీ 4కు మాత్రం బస్సే గతి. బోర్డింగ్ పాస్ మీద బయల్దేరే సమయం 10:40 అని ఉందనుకోండి, అది విమానం కదిలే సమయం. చాలా సంస్థలు గేటును పదిహేను, ఇరవై నిమిషాల ముందే మూసేస్తాయి, అంటే మన గడువు 10:20. రైలు కోసం ఆగడం, రైల్లో వెళ్లడం, రెండు ఎస్కలేటర్లు, ఆపైన నడక అన్నీ కలిపి ఇరవై అయిదు నిమిషాలు వేసుకోండి. కొన్ని గేట్ల దగ్గర పాస్‌పోర్ట్ మళ్లీ చూస్తారు, వరసకు ఇంకో పది. బస్సులో విమానం దాకా తీసుకెళ్లే గేటైతే ఇంకా ముందే మూస్తారు. 9:40కి కుర్చీలోంచి లేవనివాడు పరుగెత్తాల్సిందే. కొన్ని చోట్ల మీ పక్కన ‘15 నిమిషాలు’ అని రాస్తారు, సంతోషం. కానీ ఆ నిమిషాలు చంటిబిడ్డా, చేతిసంచీ లేని మనిషివేమోనని మా అనుమానం.

బయల్దేరే విమానాల వివరాలు చూపే మీ మిత్రుడు డిపార్చర్ బోర్డు గారి మీద కూడా ఒకటి రెండు ఉన్నాయి. ఒకే విమానానికి ఆయన మూడు నాలుగు ఫ్లైట్ నంబర్లు తిప్పి తిప్పి చూపిస్తారు, ఎందుకంటే అన్ని సంస్థలు అదే విమానంలో సీట్లు అమ్ముకున్నాయి. మన నంబరు వెతుక్కునేలోగా పేజీ మారిపోతుంది. బయల్దేరే సమయం, చేరే ఊరు పట్టుకుని వెతకడమే తేలిక. టెర్మినల్ ఏదో తేల్చేది కూడా టికెట్ అమ్మిన సంస్థ కాదు, విమానం నడిపే సంస్థ. టికెట్ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది ఆ పేరు. పాస్ మీద అచ్చయిన గేటును శిలాశాసనం అనుకోకూడదు. వచ్చే విమానం ఆలస్యమైతే గేటు మారుతుంది. మారిందని మైకులో చెప్పని నిశ్శబ్ద విమానాశ్రయాలు చాలా ఉన్నాయి. ఫోను ఇంకా ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంటే అందులోని గడియారం వెనకటి ఊరి సమయమే చూపిస్తూ ఉండొచ్చు, గోడ గడియారాన్ని నమ్మాలి. ఉచిత వైఫై ఓటీపీ అడుగుతుంది, ఆ ఓటీపీ ఈ దేశంలో పనిచేయని మన నంబరుకు వెళ్తుంది. అందుకే బోర్డింగ్ పాస్ స్క్రీన్‌షాట్ ముందే తీసి పెట్టుకోవాలి.

ఇక మీరు చేసే అతి పెద్ద ద్రోహానికి వస్తున్నాం. విమానం దిగగానే రెండు చేతులూ చాపి నిలబడతారు: ఒకవైపు బయటికి, లగేజికి. రెండోవైపు ట్రాన్స్‌ఫర్లకు, అంటే ఇంకో విమానం మారడానికి. దిగిన వాళ్లలో ఎక్కువమంది ఆ ఊరివాళ్లే అయితే గుంపు బయటికి పోతుంది, విమానం మారాల్సినవాడు గొర్రెదాటుగా వెంట పోతాడు. ఆ దారి చివర ఇమిగ్రేషన్. వీసా లేనివాణ్ని అక్కడ ఆపేస్తారు, ఉన్నవాడు దేశంలోకి ప్రవేశించి, మళ్లీ మొదటి నుంచీ చెక్-ఇన్, సెక్యూరిటీ చేసుకుని లోపలికి రావాలి. ఈ చీలిక దగ్గర నాలుగు అక్షరాలు ఎక్కువ రాస్తే మీ సొమ్మేం పోయింది?

అదీగాక మీ ట్రాన్స్‌ఫర్ బాణం అందరికీ కాదు. రెండు ప్రయాణాలూ ఒకే బుకింగ్‌లో ఉండి, లగేజి ట్యాగ్ మీద చివరి ఊరి మూడక్షరాల కోడ్ ఉంటేనే అటు నడవాలి. విడివిడిగా కొన్న టికెట్లయితే పెట్టె మధ్యలోనే బెల్టు మీద తేలుతుంది, దాన్ని తీసుకోవాలంటే దేశంలోకి వెళ్లాలి, అంటే వీసా కావాలి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే అడిగేవాడు కూడా ఉండడు. ట్యాగ్ కోడ్ చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే చదువుకోవాలి. పెట్టె కదిలిపోయాక చదివి లాభం లేదు.

అమెరికాలో మీ ట్రాన్స్‌ఫర్ బాణం వరస మరీ విడ్డూరం. సాధారణంగా అక్కడ మొదట దిగిన చోటే అందరూ ఇమిగ్రేషన్ దాటాలి. ట్యాగ్ చివరి ఊరిదాకా ఉన్నా పెట్టె తీసుకుని, కస్టమ్స్ దాటి, పక్కనే మళ్లీ బెల్టు మీద వేసి, తర్వాత సెక్యూరిటీకి వెళ్లాలి. దారిలో కొన్న సీసా ఏదైనా ఉంటే ఆ పెట్టె చేతిలో ఉన్న రెండు నిమిషాల్లోనే అందులో పెట్టేయాలి. 2006 ఆగస్టు తర్వాత వచ్చిన 100 మిల్లీలీటర్ల నియమం ముందున్న సెక్యూరిటీ దగ్గర కాచుకుని ఉంటుంది. కొత్త స్కానర్లు పెట్టి దాన్ని సడలించిన విమానాశ్రయాలున్నాయి, అయితే మనకు లెక్క బయల్దేరిన చోటు కాదు, మధ్యలో ఆగే చోటు. డ్యూటీ ఫ్రీ వాళ్లు సీలు వేసి ఇచ్చిన సంచిని గమ్యం చేరేదాకా విప్పకూడదు.

ఐరోపాలో ఇంకో తమాషా. షెంగెన్ దేశాల (తమలో తమకు సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న ఐరోపా దేశాల) మధ్య తిరిగే విమానాల గేట్లు వేరు, బయటి దేశాల విమానాల గేట్లు వేరు, నడుమ పాస్‌పోర్ట్ తనిఖీ. ఫ్రాంక్‌ఫర్ట్‌లో జడ్ గేట్లు ఎ గేట్ల నెత్తినే ఉంటాయి. మ్యాపులో రెండూ ఒక్కచోటే, మధ్యలో మాత్రం ఒక అధికారి, ఆయన ముందు ఒక వరస. ఆ వరస ఎంత పొడవో మీకేం తెలుసు!

మా కోరికలు గొంతెమ్మవి కావు. బాణం పక్కన నిమిషాలు రాయించుకోండి. తిరిగి రాలేని ప్రతి తలుపు మీద ఆ మాట రాయించుకోండి. సీసాల మధ్య అజ్ఞాతవాసం మానండి. హీత్రూలో టెర్మినల్ 1 2015లో మూతపడింది, ఇప్పటికీ లెక్క 2 నుంచే మొదలవుతుంది. మీ ఇంటి లెక్కలు మేం అడగం. మా నిమిషాల లెక్క మాత్రం సరిచూసి పంపండి.

చిత్తగించవలెను.

ఇట్లు,
తప్పు కాన్‌కోర్సులోంచి, సరైన గేటు వైపు పరుగెడుతున్న
సమస్త ప్రయాణికులు

తా.క. లగేజి బెల్టు దగ్గర ‘బయటికి’ అని మీరు చూపే హుషారు మాకు నచ్చలేదు. పెట్టె రాకపోయినా, చక్రం విరిగి వచ్చినా ఫిర్యాదు రాయించుకునే కౌంటర్ కస్టమ్స్‌కు లోపలే ఉంటుంది. అక్కడ పీఐఆర్ అనే లగేజి ఫిర్యాదు కాగితం రాయించి, దాని నంబరు తీసుకున్నాకే బయటికి కదలాలి. విమాన ప్రయాణాల్లో నష్టపరిహారం గురించి దేశాలు చేసుకున్న మాంట్రియల్ ఒప్పందం ప్రకారం విరిగిన పెట్టెకు చేతికందిన 7 రోజుల్లో, ఆలస్యంగా వచ్చినదానికి అందిన 21 రోజుల్లో లిఖితపూర్వకంగా అడగాలి. ఆ కౌంటర్ వైపు కూడా ఒక్క బాణం వేయించండి, చిన్నదైనా ఫరవాలేదు.