ఐర్లండ్ కొండదారులు: అనుమతి ఉన్నంతవరకే నడక

ఐర్లండ్‌లోని విక్లో వే అనే నడకదారి మీద ఒకటి రెండు రోజులు నడిస్తే ఎవరికైనా ఒక అనుమానం వస్తుంది. పక్కనే పచ్చటి కొండవాలు ఉండగా దారి కిందికి దిగి తారు రోడ్డు ఎందుకు పట్టుకుంటోంది? కాసేపటికి స్ప్రూస్ తోపుల మధ్య కలప లారీలు తిరిగే కంకర బాట మీదికి ఎందుకు మళ్లుతోంది? డబ్లిన్ శివారులోని మార్లే పార్కు నుంచి కార్లో కౌంటీలోని క్లోనెగల్ దాకా సుమారు 130 కిలోమీటర్లు సాగే ఈ దారి, ఐర్లండ్‌లో గుర్తులు నాటిన మొట్టమొదటి దూరపు నడకదారి. నడకల గురించి రాసే జె.బి. మలోన్ ఏళ్ల తరబడి పట్టు వదలకుండా తిరిగితే 1980లో తొలి భాగం తెరుచుకుంది. దాని మెలికల్లో చాలావాటికి కొండల ఆకారంతో సంబంధం లేదు. ఎవరు ఒప్పుకున్నారో వాళ్ల నేల మీదుగా గీసిన గీత అది.

ఇంగ్లండ్, వేల్స్‌లలో పొలాల గుండా పోయే కాలిబాటలు ప్రజల దారులుగా అధికారికంగా నమోదై ఉన్నాయి. స్కాట్లండ్ 2003లో చట్టం చేసి, బాధ్యతగా నడిచేవారికి దాదాపు అన్ని నేలల మీదా ప్రవేశం ఇచ్చింది. ఐర్లండ్ రిపబ్లిక్‌లో ఈ రెండూ లేవు. ప్రభుత్వం అచ్చువేసే 1:50,000 డిస్కవరీ పటాల మీదే ఒక హెచ్చరిక ఉంటుంది: పటంలో రోడ్డు గానీ బాట గానీ చూపినంత మాత్రాన దాని మీద నడిచే హక్కు ఉన్నట్టు కాదని. మన ఊళ్లలో డొంకలు, పుంతలు, నక్షా బాటలు రెవెన్యూ పటంలో ఉంటే అవి సర్కారు భూమి కిందే లెక్క. ఎవరైనా కంచె వేస్తే ఎమ్మార్వో ఆఫీసుకు వెళ్లి నిలదీయవచ్చు. ఆ అలవాటుతో ఐరిష్ పటం చదివితే పొరపాటు పడతాం.

ఆ దేశ చరిత్ర తెలిస్తే దీని మూలం అర్థమవుతుంది. పంతొమ్మిదో శతాబ్దం చివరిదాకా అక్కడి రైతులు ఎక్కువగా జమీందార్ల కింద కౌలుదార్లే. 1903 విండమ్ చట్టం లాంటి భూచట్టాలతో, ప్రభుత్వ రుణం తీసుకుని ఏళ్ల తరబడి వాయిదాలు కట్టి ఆ భూమిని సొంతం చేసుకున్నారు. అందుకే భూమి మీద ఎవరికో హక్కు ఇవ్వమంటే ఈనాటికీ అక్కడి పల్లె ఒళ్లు జలదరిస్తుంది. పైగా ఎత్తైన కొండలు చాలాచోట్ల ఉమ్మడి మేత భూములు. ఒక్క వాలు మీదుగా దారి పోవాలంటే పది, ఇరవై మంది వాటాదారులు సరేననాలి. ఒక్కరు కాదన్నా గీత రోడ్డు మీదికి దిగుతుంది. మిగిలిన తేలిక మార్గం ప్రభుత్వ భూమి: జాతీయ ఉద్యానాలు, ప్రభుత్వ అటవీ సంస్థ కొయిల్టె తోపులు. డబ్లిన్‌లో ఉండే తెలుగువారు ఎక్కువగా మొదట వెళ్లే గ్లెండలాక్ విక్లో మౌంటెన్స్ జాతీయ ఉద్యానంలో భాగం. అక్కడి స్పింక్ అనే కొండ అంచు మీదికి చెక్క మెట్లు, రంగు బాణాలు, పార్కింగ్ అన్నీ ఉంటాయి. దేశమంతా ఇలాగే ఉంటుందనుకుని తర్వాతి వారం మరో కౌంటీలో కనబడిన గేటు తోసుకుని లోపలికి వెళ్లడంతో చిక్కు మొదలవుతుంది.

రైతు కాదనడానికి ముఖ్య కారణం నష్టపరిహారం భయం. భూమి చేతిలో ఉన్నవారి బాధ్యత ఎంతో చెప్పే 1995 ఆక్యుపయర్స్ లయబిలిటీ చట్టం ఈ భయాన్ని చాలావరకు తీర్చింది. సరదాకు నడిచేవారిని అది వేరే తరగతిగా చూసింది. కావాలని గాయపరచకుండా, వారి భద్రతను బొత్తిగా గాలికి వదలకుండా ఉంటే యజమాని బాధ్యత తీరినట్టే. న్యాయమైన పార్కింగ్ రుసుము తీసుకున్నా ఈ రక్షణ పోదు. దేశంలోకెల్లా ఎత్తైన కొండ కరాంటూహిల్ కింద క్రోనిన్స్ యార్డ్ లాంటి చోట్ల రైతు కుటుంబాలు బండికి కొంత పుచ్చుకుని దారి ఇవ్వగలగడానికి చట్టం అడ్డురాకపోవడం కూడా ఒక కారణం.

అయితే ఆ చట్టంలోనే ఒక మెలిక ఉంది. నడిచేవారి కోసమే ఏదైనా కట్టడం కడితే, దాన్ని భద్రంగా ఉంచడంలో తగిన జాగ్రత్త తీసుకోవాల్సిన బాధ్యత యజమాని మీద పడుతుంది. ఉత్త బురద నేలను వదిలేస్తే తక్కువ బాధ్యత, ఆ బురద మీద పలకలు పరిస్తే ఎక్కువ బాధ్యత! 2013లో విక్లో కొండల్లోని డ్జౌస్ దగ్గర, పాత రైల్వే స్లీపర్లతో వేసిన బాట మీద ఒక మహిళ తట్టుకుని పడి మోకాలికి దెబ్బ తగిలించుకున్నారు. 2016లో సర్క్యూట్ కోర్టు 40,000 యూరోల పరిహారం ఇవ్వమంది. కొండ రైతుల్లో గుబులు పుట్టింది. 2017 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. కొండ మీద నడిచేవారు కాళ్ల కింద చూసుకోవాలని, ఆ పలకల బాట వల్ల సమాజానికి ప్రయోజనం ఉందని గుర్తించింది. తెలిసి ప్రమాదాన్ని ఒప్పుకున్నవారి విషయంలో 2023 సవరణ యజమాని రక్షణను ఇంకాస్త గట్టిపరిచింది. చట్టం ఇంత తేటపడినా, రైతుల్లో 2016 నాటి భయం ఒక్క తీర్పుతో పోయేది కాదు.

2008లో మొదలైన వాక్స్ స్కీమ్ (నడకదారుల పథకం) ఈ దేశం కనిపెట్టిన మంచి ఉపాయమని నా అభిప్రాయం. దారి తన పొలం గుండా పోయే రైతుకు పని గంటల లెక్కన ప్రభుత్వం చెల్లిస్తుంది. గడ్డి కోయడం, కాలువ పూడిక తీయడం, కంచె దాటే మెట్ల పలకలు మార్చడం, ఒరిగిన గుర్తు కర్ర నిలబెట్టడం లాంటివి ఆ పనులు. తన గట్టు మీది దారిని తానే చూసుకుంటాడు కనుక రైతుకు దాని మీద పట్టింపు ఏర్పడుతుంది. దీనిలో లోపం ఒకటే: డబ్బు నిర్వహణకు మాత్రమే, ప్రవేశానికి కాదు. దారి ఇచ్చినందుకు విడిగా ఏమీ ముట్టదు. నడక వల్ల వచ్చే పర్యాటక ఆదాయం కిందనున్న ఊళ్లోని బసలకు, పబ్బులకు చేరుతుంటే, గొర్రెలు చెదిరిన నష్టం మాత్రం కొండ మీది రైతు మోస్తున్నాడు.

గొర్రెల సంగతి నడిచేవారు సరిగా తెలుసుకోవాలి. మార్చి నుంచి మే దాకా కొండ గొర్రెలు ఈనే కాలం. కుక్క కరవనక్కర్లేదు, సరదాగా తరిమినా చాలు, చూడి గొర్రె ఈసుకుపోతుంది. అందుకే చాలా దారుల మొదట్లోనే కుక్కలు వద్దని బోర్డు ఉంటుంది. తాడు కట్టి తెచ్చినా అక్కడ కుదరదు. దూడలున్న ఆవుల మంద ఎదురైతే మధ్యలోంచి పోకుండా చుట్టూ తిరిగి వెళ్లాలి. గేటు తెరిచి ఉంటే తెరిచే, మూసి ఉంటే మూసే వదలాలి. తెరిచి ఉన్న గేటు మంద నీళ్లకు వెళ్లే తోవ కావచ్చు. తాళం వేసిన గేటు ఎక్కక తప్పకపోతే మడతబందుల వైపు ఎక్కాలి. గొళ్లెం వైపు బరువు పడితే గేటు కుంగి, మర్నాటి నుంచి మూతపడదు. గేటు ముందు కారు అసలు ఆపకూడదు. ఆదివారం పొద్దున ట్రాక్టరు బయటికి రాలేకపోయిందన్న కోపంతోనే అనుమతులు పోతాయి.

నేల సంగతి మరో తీరు. పశ్చిమ, ఎత్తు ప్రాంతాల్లో పైన పలచని గడ్డి, నాచు పొర, కింద నీరు పీల్చుకున్న పీటు, అంటే సగం కుళ్లిన మొక్కలతో ఏర్పడిన మెత్తటి నేల. వానాకాలం అంటూ విడిగా ఉండదు. పడమటి తీరాన ఏడాదికి సుమారు 225 రోజులు వాన పడుతుంది. పై పొర చిరిగితే నీరు అక్కడే పారి గాడి చేస్తుంది. బూట్లు తడుస్తాయని పక్కనుంచి నడుస్తారు, అక్కడా చిరుగుతుంది, అడుగు వెడల్పు బాట కొన్నేళ్లకు రోడ్డంత నల్లటి బురద అవుతుంది. కాబట్టి చీలమండ దాటే బూట్లు, పిక్కలకు గేటర్లు వేసుకుని బురద మధ్యలోంచే నడవాలి. పలకల బాట వేసినంత మాత్రాన సమస్య తీరదు. ఉత్తర ఐర్లండ్ సరిహద్దులోని క్విల్కా కొండ మీద పీటును కాపాడటానికి 2015లో చెక్క బాట, మెట్లు వేశారు. ఫొటోలు సోషల్ మీడియాలో పాకి, అంతకుముందు ఏటా కొద్ది వేల మంది వచ్చే చోటికి పదివేల లెక్కన జనం వచ్చారు. మెట్లు అయిపోయాక పైనున్న మెత్తటి నేలను తొక్కడం మొదలైంది.

ప్రమాదాలకు దారితీసేది ఎక్కువగా వేళ లెక్క తప్పడమే. గంటకు 4 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 10 మీటర్లకు అదనంగా ఒక నిమిషం అనుకోవాలి. 1,038 మీటర్ల కరాంటూహిల్‌కు క్రోనిన్స్ యార్డ్ నుంచి రానూపోనూ సుమారు 12 కిలోమీటర్లు, ఎక్కుడు 900 మీటర్లు. నడకకు 3 గంటలు, ఎక్కుడుకు గంటన్నర, రాళ్ల మీద జాగ్రత్తకూ తిండికీ మరో గంటన్నర. మొత్తం ఆరు గంటలు. డిసెంబరులో పదకొండింటికి బయలుదేరితే, నాలుగున్నరకే పొద్దు గుంకే ఆ రోజుల్లో దిగడం చీకట్లోనే. డెవిల్స్ ల్యాడర్ అనే కోతపడిన గాడిలో రాళ్లు కదులుతాయి, పైవారు తన్నిన రాయి కిందివారి మీద పడుతుంది. దిగడానికి జిగ్ జాగ్స్ బాట దూరమైనా మేలు. పసుపు నడిచే మనిషి గుర్తున్న దారుల్లోనూ తప్పిపోతారు. వేసవి చివర బ్రాకెన్ పొదలు గుర్తు కర్రను మింగేస్తాయి, చెట్లు నరికినచోట కర్రే ఉండదు. పది నిమిషాలు గుర్తు కనబడకపోతే చివరి గుర్తు దాకా వెనక్కి రావాలి. ఆ పొదల్లోంచి బయటపడ్డాక కాళ్లు, మోకాళ్ల మడతలు చూసుకోవాలి. గోమార్ల వల్ల లైమ్ వ్యాధి వస్తుంది. ఆపదలో 112కు ఫోన్ చేసి మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పాలి. వచ్చేది జీతం లేని స్వచ్ఛంద సేవకులు.

ప్రభుత్వం ముందు ఇప్పుడు రెండు నమూనాలున్నాయి. మేయోలో వెస్ట్‌పోర్ట్ నుంచి అకిల్ దాకా 42 కిలోమీటర్ల గ్రేట్ వెస్టర్న్ గ్రీన్‌వే అనే సైకిల్, నడక బాట, 1937లో మూతపడ్డ రైలు మార్గం మీద, రైతుల అనుమతితో వచ్చింది. కెర్రీలో సౌత్ కెర్రీ గ్రీన్‌వేకు 2020లో భూసేకరణతో ఆమోదం లభించింది. వ్యతిరేకించిన రైతులు కోర్టుకెక్కారు. సైకిళ్ల బాటకు స్థలం కొనడంలో అర్థముంది. గొర్రెలు మేసే కొండవాలుకు ఆ పద్ధతి పనికిరాదు, భూమి భయాన్ని మళ్లీ లేపుతుంది. కొండలకు కావలసింది పదేళ్ల రాతపూర్వక ఒప్పందం, దారి ఇచ్చినందుకు ఏటా చెల్లింపు, నష్టపరిహార దావా వస్తే భారమంతా ప్రభుత్వానిదేనన్న హామీ. ఆ హామీ ఆలోచనను కరాంటూహిల్ ఉన్న రీక్స్ పర్వతాల్లోనూ గాల్వేలోని మౌంట్ గేబుల్ మీదా ప్రయోగంగా తీసుకున్నారు. దాన్ని దేశమంతటికీ తేవాలి.

ఇక పాత దారుల మాట. చర్చికి, శ్మశానానికి, తీరానికి పోయిన బాటల్లో కొన్నింటి మీద నిజంగానే ప్రజల హక్కు ఉండవచ్చు, కానీ దాన్ని కోర్టులో రుజువు చేయాలి. స్లైగోలోని లిసడెల్ ఎస్టేట్ దారులపై కౌంటీ కౌన్సిల్ 2010లో హైకోర్టులో గెలిచినా, 2013లో సుప్రీంకోర్టులో చాలా మటుకు ఓడింది. ఏళ్ల తరబడి జనం నడిచినంత మాత్రాన అది హక్కు అయిపోదు, యజమాని ఓర్చుకున్నాడనీ అనుకోవచ్చు. అందుకే దారుల జాబితాను కౌన్సిల్ అభివృద్ధి ప్రణాళికలోకి ముందుగానే ఎక్కించడం ముఖ్యం. ముసాయిదా వచ్చినప్పుడు ఎవరైనా అభిప్రాయం రాసి పంపవచ్చు. పౌరసత్వం లేకపోయినా అక్కడ నివసించేవారికి స్థానిక ఎన్నికల్లో ఓటుంది. డబ్లిన్, కార్క్, లిమరిక్‌లలో స్థిరపడిన తెలుగువారు ఆ ఓటు నమోదు చేసుకుని, తలుపు తట్టే కౌన్సిలర్ అభ్యర్థిని తమ కౌంటీ ప్రణాళికలో ఎన్ని నడకదారులు నమోదయ్యాయో అడగవచ్చు.